కొలెట్ రావద్దన్న రోజు

"కోర్టుకు మాత్రం రాకమ్మా, నువ్వు కనబడితే నా నోట మాట రాదు" అని ఆ ఉదయం కొలెట్ మరీ మరీ చెప్పి వెళ్ళింది. విన్నీ రాఫర్టీ సరేనంది. కూతురు వీధి మలుపు తిరిగిందో లేదో, కోటు తొడుక్కుని, తలకు రుమాలు కట్టుకుని తర్వాతి బస్సెక్కింది.

విన్నీది పుట్టుకతోనే కీడెంచే గుండె. గుమ్మంలో పాలసీసా కనబడకపోతే పాలవాడు పోయాడేమో అనుకునే మనిషి. రేవులో క్రేను గొలుసు తెగి మొగుడు పోయాక ఆ భయానికి సాక్ష్యం కూడా దొరికింది. అప్పటినుంచి లివర్‌పూల్‌లో ఏ మూల అంబులెన్సు కూత వినబడినా అది తమ ఇంటికేనని ఆమె లెక్క.

అలాంటి తల్లితో కూతురు లా చదువుతానంటే ఏమవుతుంది?

"మనవాళ్ళు కోర్టుకెళ్ళేది బోనెక్కడానికేనే" అంది విన్నీ. "పోనీ సొలిసిటరువి అవు. ఆఫీసు, కుర్చీ, నెల తిరిగేసరికి జీతం. బారిస్టరంటే గాలిలో దీపం కదే. కేసు వస్తే తింటావు, లేకపోతే పస్తు."

"సొలిసిటరు కూచుని కాగితాలు రాస్తాడమ్మా. నాకు నిలబడి మాట్లాడాలని ఉంది."

మాట్లాడడానికి ముందు తినాలట. అది విన్నీకి చివరిదాకా మింగుడుపడలేదు. చదువు సరిపోదట, పరీక్షలు సరిపోవట, లండన్ వెళ్ళి బారిస్టర్ల సంఘం భోజనశాలలో నల్ల గౌనేసుకుని పెద్దల సరసన ఇన్ని విందులని తింటేనే పట్టా చేతికిస్తారట. కొలెట్ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, తిని, రాత్రి బస్సులో పడి తెల్లారేసరికి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేది.

"తింటే లాయర్లవుతారంటే మీ పెద్దమామ ఈపాటికి పెద్ద జడ్జి అయి ఉండాలి" అనేది విన్నీ. అంటూనే ఆ విందులకు వేసుకెళ్ళే ఒక్కగానొక్క మంచి గౌనును ముడత లేకుండా ఇస్త్రీ చేసి పెట్టేది. బడిపిల్లలకు వండి వడ్డించే వంటశాలలో పనిచేసి అరిగిన చేతులవి. బట్ట కాలుతుందేమోనన్న భయంతో ఇస్త్రీపెట్టెను గాలిలోనే తిప్పుతున్నట్టు తిప్పేవి.

పట్టా వచ్చింది. ఆ తర్వాత హాలోవెల్ అనే పెద్ద బారిస్టరు కింద ఏడాది శిష్యరికం. ఆ ఏడాదీ ఈ నెలతో ముగుస్తోంది. బారిస్టర్లు కొందరు కలిసి నడుపుకునే ఆ ఛాంబర్సులో శిష్యులు ఇద్దరు, ఖాళీగా ఉన్న చోటు ఒక్కటి. రెండోవాడు జైల్స్. వాళ్ళ తాతగారి పటం ఆ ఛాంబర్సు మెట్ల మీదే వేలాడుతోంది. శుక్రవారం పెద్దలంతా కూచుని ఓటు వేస్తారు. చోటు దక్కితే కొలెట్ జీవితాంతం బారిస్టరు. దక్కకపోతే, ఒకరు వద్దన్న శిష్యురాలికి ఊళ్ళో మరెవరూ తలుపు తియ్యరు. ఆ ఓటుకు ముందు, జ్యూరీ ఎదుట ఆమె ఒంటరిగా వాదించే మొదటి కేసు ఇది.

వెళ్ళకుండా ఎలా ఉంటుంది ఏ తల్లైనా?

కోర్టులో జనం కూచునే గ్యాలరీలో విన్నీ స్తంభం చాటున కూచుంది. పక్కన ఒక బక్కచిక్కిన ఆవిడ పిప్పరమెంట్ల పొట్లం చాపింది.

"తీసుకో అక్కా. నేను పెగ్ డూలీని. ఆ బోనులో ఉన్నవాడు నా కొడుకు కీరన్. దుకాణం పగలగొట్టాడంటున్నారు. ఆ రాత్రి వాడు నా ఇంట్లో దగ్గుతూ పడుకున్నాడు." గొంతు తగ్గించింది. "మాకిచ్చిన లాయర్ని చూశావా? బడి నుంచి ఎవరు వదిలిపెట్టారో ఈ పిల్లని. విగ్గు చెవుల మీదికి జారుతోంది."

విన్నీ పిప్పరమెంటును నమలకుండానే మింగేసింది. నా కూతురని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈవిడ దిగాలు పడుతుందేమో, కేసు పోతే నన్ను తిడుతుందేమో అని ఊరుకుంది.

కొలెట్ లేచింది. దుకాణం ఎదురింటి మనిషి సాక్ష్యం చెబుతున్నాడు.

"మీరు చూసింది మొహమా, కోటా?"

"మనిషిని చూశాను."

"మనిషిలో ఏ భాగాన్ని చూశారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సాక్షి గొంతు సవరించుకుని, కోటే చూశానన్నాడు. పెగ్ విన్నీ మోకాలి మీద తట్టింది. "అమ్మనీ! పిల్లకి కోరలున్నాయే!"

విన్నీ మాత్రం కూతుర్ని చూడ్డం లేదు. జ్యూరీ ముందు వరసలో ఆకుపచ్చ స్వెట్టరు వేసుకున్న లావుపాటి ఆవిడను చూస్తోంది. కొలెట్ నోరు తెరిచినప్పుడల్లా ఆవిడ మొహం చిట్లిస్తోంది. నచ్చలేదు, మన పిల్ల ఆవిడకు నచ్చలేదు. ఆవిడ ఒక్కతే చాలు, మిగతావాళ్ళనీ తిప్పేస్తుంది. కేసు పోతుంది, శుక్రవారం ఓటు పోతుంది, అంతా పోతుంది.

భోజన విరామంలో జడ్జి జ్యూరీకి చెప్పాడు: ఈ కేసు గురించి బయట ఎవరితోనూ మాట్లాడకండి, ఎవరినీ మాట్లాడనివ్వకండి. విన్నీ శ్రద్ధగా విన్నది.

ఎదురుగా ఉన్న టీ దుకాణంలో విన్నీ కప్పు ముందు పెట్టుకుని కూచుంటే, ఎవరో కుర్చీ లాగారు.

"ఖాళీయేనా తల్లీ? పొద్దుటినుంచీ ఆ చెక్కబల్ల మీద కూచుని నడుం ఇనుపకడ్డీ అయిపోయింది. వెన్నునొప్పితో మొహం కూడా తిన్నగా పెట్టలేకపోతున్నా."

ఆకుపచ్చ స్వెట్టరు. విన్నీ చెంచా కింద పెట్టింది. కేసు గురించి మాట్లాడకూడదు, తెలుసు. దొంగతనం ఊసు ఎత్తకూడదు. సొంత పిల్ల ఊసు ఎత్తితే తప్పేముంది?

"మీకు పిల్లలున్నారా?"

"ముగ్గురు. మూడూ గాడిదలే."

"నాకొక్కతే. ఆ విగ్గు పెట్టుకున్న పిల్ల."

"ఏ విగ్గు?"

"ఆ కుర్రాడి తరఫున నిలబడింది చూడండి. అది నా కూతురు. భయపడితే దాని గొంతు కాస్త కీచుమంటుంది. పొగరు కాదమ్మా అది. తండ్రి లేడు. శుక్రవారం దాని బతుకు తేలిపోతుంది. కేసు గురించి నేనేం అనడం లేదు. మీరు కాస్త మంచి మొహంతో చూస్తే చాలు."

ఆవిడ మొహంలో రంగు దిగిపోయింది. "ఏం పని చేశావు తల్లీ? ఈ మాట నాకెందుకు చెప్పావు?" అని, పోసిన టీ పోసినట్టే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

వింత ఏమిటంటే, జన్మకల్లా ఆ కాసేపే విన్నీకి భయం లేదు. చెప్పాల్సింది చెప్పాననుకుని టీ చివరి గుక్కదాకా తాగింది.

మధ్యాహ్నం కోర్టు ఎంతకీ మొదలవలేదు. చివరికి జడ్జి వచ్చాడు గాని జ్యూరీ కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఆకుపచ్చ స్వెట్టరావిడ ఒక్కతే వచ్చి నిలబడింది. జరిగింది చెప్పింది. జ్యూరీ గదిలో మిగతావాళ్ళ దగ్గరా నోరు జారానని ఒప్పుకుంది. చెప్పిందెవరని జడ్జి అడిగితే తలెత్తి గ్యాలరీలోకి వేలు చూపింది.

కోర్టు బంట్రోతు వచ్చి విన్నీని కిందికి తీసుకెళ్ళాడు. కొలెట్ వెనక్కి తిరిగి చూసింది. విగ్గు కింద ఆ మొహం చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పటి మొహంలా ఉంది.

"అమ్మా, మీరు ఈ బారిస్టరు తల్లినని చెప్పారా?" అన్నాడు జడ్జి, మెత్తగానే.

విన్నీకి ఒక్క దారే కనబడింది. "చెప్పానండి. అబద్ధమండి. గొప్పకోసం అన్నాను. ఈ అమ్మాయెవరో నాకు తెలీదు. నాకు పిల్లలే లేరు."

అలా అనేటప్పుడు కూతురి వైపు చూడకుండా జాగ్రత్తపడింది. దేవుడా, దాన్ని ఊరుకోనియ్యి, ఒక్క నిమిషం ఊరుకోనియ్యి అనుకుంది.

కొలెట్ లేచి నిలబడింది.

"యువర్ ఆనర్, ఆవిడ మా అమ్మ." గొంతు కీచుమనలేదు. "ఆవిడ వచ్చినట్టు నాకు తెలీదు. కానీ మా అమ్మే."

జడ్జి కలానికి మూత పెట్టాడు. జ్యూరీ మొత్తాన్నీ రద్దు చేశాడు. కేసు కొత్త జ్యూరీతో, మరో బారిస్టరుతో మొదటినుంచీ జరగాలన్నాడు. అది వసంతానికి గాని కుదరదట. అంతవరకు కీరన్ జైల్లోనే.

మెట్ల మీద పెగ్ డూలీ ఎదురైంది. తిడుతుందని విన్నీ తల వంచుకుంది. పెగ్ తిట్టలేదు.

"నీ పిల్ల సాయంత్రం ఇంటికొస్తుంది" అంది. "నా పిల్లాడు మళ్ళీ ఆ జైలు బండెక్కాడు. పొద్దుటినుంచీ పక్కనే కూచున్నావు. నాకైనా చెప్పలేకపోయావా అక్కా? చెప్పుంటే నిన్ను అక్కడే పట్టుకుని కూచోబెట్టేదాన్ని."



ఆ సాయంత్రం కొలెట్ ఇంటికొచ్చి, తల్లి వడ్డించిన మాంసం, బంగాళాదుంపల పులుసు చివరి ముక్కదాకా తింది. కేకలేసినా బాగుండేది.

"ఎందుకే ఒప్పుకున్నావు?" అంది విన్నీ ఉండబట్టలేక. "నేను కాదన్నాను కదా."

"కోర్టు అబద్ధం నమ్ముతుంటే నేను చూస్తూ కూచోకూడదమ్మా. ఆ గౌను వేసుకున్నాక అది కుదరదు."

"అమ్మ కోసమైనా?"

"కాదన్నది నువ్వమ్మా. నేను అవునన్నాను."

శుక్రవారం చినుకులు పడుతున్నాయి. కొలెట్ విగ్గు డబ్బా, పుస్తకాలు చంకనెత్తుకుని పెందలాడే వచ్చేసింది. ఆ డబ్బా ఛాంబర్సులో ఉండాల్సింది. అది చూడగానే విన్నీ కుర్చీ లాక్కుని కూచుంది.

"జైల్స్‌కిచ్చారు" అంది కొలెట్. "హాలోవెల్ గారు చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు. చాలా మర్యాదగా."

"నా మూలంగానేనా?"

"చెప్పరమ్మా. ఓటు వేస్తారు, అంతే. ఎందుకో ఎవరికీ చెప్పరు."

"నా వల్ల కాదని ఒక్క మాట అనవే తల్లీ. అబద్ధమైనా సరే."

కొలెట్ తడిసిన కోటుతోనే బల్ల దగ్గర కూచుంది. పెదవులు కదిలాయి. అనడానికి ప్రయత్నించిందనే విన్నీకి అనిపించింది. "తెలీదమ్మా" అంది చివరికి. "తెలియనిదాన్ని ఎలా అనను?"

విన్నీ కొంగులాంటి ఏప్రాను అంచుతో మొహం తుడుచుకుంది. పొయ్యి మీద కెటిల్ మరిగి మరిగి కూత పెడుతున్నా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

"ఆ రోజు ఎందుకొచ్చావమ్మా, రావద్దంటే?"

"నువ్వెలా మాట్లాడతావో వినాలని."

కొలెట్ విగ్గు డబ్బాను పక్కకు జరిపింది. "ఎలా మాట్లాడాను?" అంది. "నన్నెవరూ వినలేదు. ఛాంబర్సు నుంచి ఒక్కరూ రాలేదు. ఉన్న జ్యూరీని పంపించేశారు."

"బాగా మాట్లాడావే. ఆ సాక్షి నోట కోటన్న మాట రాబట్టావు చూడు, కోర్టంతా నవ్వింది. చాలా బాగా మాట్లాడావు."

"నిజంగా?"

"నిజంగా" అంది విన్నీ. కూతురి కళ్ళు తన మొహం మీద ఆగి, వెతికాయి. నిండు కోర్టులో, తనకు పిల్లలే లేరని చెప్పిన మొహం అది. కొలెట్ తలూపింది. నమ్మే ఊపిందో, తల్లి మనసు కోసం ఊపిందో విన్నీకి తెలియలేదు, అడిగే ధైర్యమూ చాలలేదు.