అల్లుడడిగిన తాళంచెవి

మా నాన్నని పరీక్షలో ఫెయిల్ చేసింది మా ఆయనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. ఎందుకంటే ఆ వారమంతా మా ఇంట్లో ఎవరు ఏ మాట మొదలుపెట్టినా చివరికి అక్కడికే వచ్చి ఆగేది.

నేను కమ్యూనిటీ కాలేజీలో గుమ్మానికి ఎదురుగా ఉండే బల్ల దగ్గర కూర్చుంటాను. తలుపు తోసుకుని వచ్చినవాళ్లకి మొదట కనిపించేది నా మొహమే. "ఏ కోర్సు?" అని అడగడం నా ఉద్యోగం. "ఇప్పుడేం పని చేస్తున్నారు? ఏం చేయాలనుంది?" అని అడగడం నా అలవాటు. మా దగ్గర చదివేవాళ్లలో సగం మంది సొంత పిల్లల్ని బడిలో దింపి క్లాసుకొస్తారు. మొదటి గదిలో ఆస్పత్రి పనికి చేరబోయేవాళ్లు ఒక రబ్బరు బొమ్మని మంచమ్మీద అటూ ఇటూ దొర్లిస్తుంటారు. ఆ బొమ్మకి తాతగారని పేరు. దుప్పటి మార్చేముందు "తాతగారూ, కాస్త పక్కకి తిప్పుతున్నానండీ" అని చెప్పకపోతే మార్కులు పోతాయి. ఆ పక్క గదిలో కుళాయిలు, పైపులు. పైన కంప్యూటర్లు. ఊళ్లోకి కొత్త యంత్రం ఏది దిగినా, కొన్నాళ్లకి మా దగ్గర దానిమీద ఒక క్లాసు మొదలవుతుంది. మా ప్రిన్సిపాల్ మేడమ్ ఫ్యాక్టరీలూ ఆస్పత్రులూ తిరిగి, "మీకు ఏ పనొచ్చినవాళ్లు కావాలి?" అని వాళ్లని కూర్చోనివ్వరు, నిలబడనివ్వరు.

అలాగే ఒకరోజు బస్సు డిపోకి వెళ్లొచ్చారు. "డీజిల్ బస్సులు తీసేస్తున్నారు. అన్నీ కరెంటు బస్సులేనట. మెకానిక్కులందరినీ మన దగ్గరికి పంపిస్తారు" అని సంబరంగా చెప్పారు. నేను మాత్రం సంబరపడలేకపోయాను. ఆ క్లాసు చెప్పేది మా ఆయన. ఆ మెకానిక్కుల్లో అందరికంటే పాతవాడు మా నాన్న.

నాన్నని డిపోలో డాక్టరంటారు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవిదగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని రోగమేమిటో చెప్పేస్తాడు. మొదటి కరెంటు బస్సు వచ్చిన రోజున కూడా ఆ స్క్రూడ్రైవరు పట్టుకునే వెళ్లాడట. చాలాసేపు విని, "ఇదేంట్రా, పలకదేం? అలిగిందా?" అన్నాడట.

నవ్వులాటకేం గానీ, విషయం పెద్దదే. కోర్సు పాసైనవాళ్లకి కొత్త బస్సులు. కానివాళ్లకి ఆ బస్సులు కడిగే పని. డాక్టరు చేతికి నీళ్ల గొట్టమిస్తే ఆయన మర్నాడే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాడు. ఇంట్లో కూర్చున్న మనిషి ఊరుకోడు కదా, మా అమ్మ మిక్సీ విప్పుతాడు, గోడ గడియారం విప్పుతాడు, చివరికి అమ్మ సహనం విప్పుతాడు. అంతకంటే పెద్ద మాట, ఆ పని లేకపోతే మా నాన్న మా నాన్నలా ఉండడు. అందుకని ఆ పరీక్ష మా అందరిదీను.

మొదటిరోజు క్లాసు పాఠంతో కాక మర్యాదలతో మొదలైంది. మాస్టారు రాగానే మెకానిక్కులందరూ లేచారు. మామగారు నిలబడుంటే అల్లుడెలా కూర్చుంటాడు? "మీరు కూర్చోండి." "మాస్టారు కూర్చోకుండా మేమెలా కూర్చుంటామండీ?" "అయ్యో, ముందు మీరు." ఇలా కాసేపయ్యాక వెనక బెంచీలోంచి ఎవరో, "బాబ్బాబు, ఎవరో ఒకరు కూర్చోండి, మా మోకాళ్లు పోతున్నాయి" అన్నారట. ఇద్దరూ ఒకేసారి కూర్చునేట్టు ఒప్పందం కుదిరింది. క్లాసులో నాన్నని సార్ అని మా ఆయనా, మా ఆయన్ని మాస్టారని నాన్నా పిలవాలి. గేటు దాటితే మళ్లీ మామయ్యే, అల్లుడే.

నాన్న చదివాడు, చెప్పొద్దూ. సాయంత్రాలు మా వంటింటి బల్ల దగ్గరే కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, పెదాలు కదుపుతూ చదివేవాడు. కరెంటు బస్సులో ప్రమాదమంతా బ్యాటరీలో ఉంటుంది. అది చప్పుడు చేయదు, పొగ వదలదు. చెయ్యి పెడితే మాత్రం మనిషి మిగలడు. అందుకని పని మొదలుపెట్టేముందు పెద్ద స్విచ్చి కిందకి దించి, దానికి ఎవరి ఎర్రతాళం వాళ్లు వేసుకోవాలి. తాళానికి వాళ్ల ఫొటో ఉన్న చీటీ వేలాడుతుంది: "నేను పనిలో ఉన్నాను. ముట్టుకోవద్దు." ఆ తాళానికి చెవి ఒక్కటే. వేసినవాళ్ల జేబులోనే ఉండాలి. వేసినవాళ్లే తీయాలి. నాన్న ఆ చెవిని తన ఇంటి తాళాల గుత్తికే తగిలించుకుని, "ఇక పోదులే" అన్నాడు.

పరీక్ష రోజున నేను స్టేప్లరు వెతికే వంకతో బల్ల వదిలి వర్క్‌షాపు అద్దంలోంచి తొంగి చూశాను. డిపో వాళ్లు మాకిచ్చిన అరబస్సు ఉంది అక్కడ. గుమ్మంలో పట్టక వెనక సగం ఉంచి ముందు సగం కోసి పారేశారు కాబట్టి దాన్ని అరబస్సంటాం. నాన్న స్విచ్చి దించాడు. తాళం వేశాడు. గుత్తి చొక్కా జేబులో వేసుకున్నాడు. మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు వేసుకుని, మీటరు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, ఆగమన్నంతసేపూ ఆగి, అప్పుడు బ్యాటరీ పెట్టె మూత తెరిచాడు. తప్పు పట్టడానికి లేదు. నేను ఊపిరి వదిలాను.

అప్పుడు మా ఆయన మెల్లగా దగ్గరికి వెళ్లి, "మామయ్యా, ఆ తాళంచెవి ఒకసారి ఇస్తారా?" అన్నాడు.

నాన్న గబగబా తొడుగులు తీసేశాడు. జేబులోంచి గుత్తి తీసి, ప్యాంటుకి తుడిచి మరీ, రెండు చేతులతో అందించాడు. మా ఆయన దాన్ని కాసేపు అలా చూసి, "మీరు ఫెయిలయ్యారు సార్" అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మ మా ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే వంటింట్లోకి వెళ్లి టీ పెట్టింది. నాన్నకిచ్చింది, నాకిచ్చింది, తను తీసుకుంది. మా ఆయన ముందు బల్ల ఖాళీ.

"మాస్టారికి కాలేజీలో ఇచ్చే ఉంటారు" అంది గోడకేసి చూస్తూ.

నాకూ అప్పటికే ఒళ్లు మండుతోంది. "క్లాసులో అన్నాళ్లూ సార్, సార్ అన్నావు. తాళంచెవి అడగడానికి మాత్రం మామయ్య గుర్తొచ్చాడా? అల్లుడు నోరు తెరిచి అడిగితే ఏ మామగారు ఇవ్వనంటాడు? అది పరీక్షా, మోసమా?" అని కడిగేశాను.

"ఊరుకో అమ్మాయ్" అన్నాడు నాన్న. ఆయన కప్పులో టీ అలాగే ఉంది. అంత చిన్నబోయి ఉండగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

మా ఆయన కోపం తెచ్చుకోలేదు. "సార్ అని అడిగేవాళ్లకి మామయ్య ఎలాగూ ఇవ్వరు. మొహమాటం ఉన్నవాళ్లకే ఇస్తారు. ప్రమాదం అక్కడే ఉంది" అన్నాడు. అంతవరకూ నాకు కూడా చెప్పని సంగతి చెప్పాడు. కాలేజీకి రాకముందు తను పనిచేసిన ఫ్యాక్టరీలో ఒక పెద్దాయన ఉండేవాడట. చేరిన కొత్తలో చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆయనేనట. ఒకరోజు ఆయన యంత్రం లోపల ఉండగా సూపర్‌వైజరు వచ్చి, "అన్నా, చెవి ఇటివ్వు, రెండు నిమిషాల్లో తెచ్చిస్తా" అన్నాడు. మంచివాడే, రోజూ కలిసి అన్నం తినేవాడే. పెద్దాయన ఇచ్చాడు. సూపర్‌వైజరు ఎవరితోనో మాటల్లో పడి, పనైపోయిందనుకుని తాళం తీసి కరెంటు వేశాడు.

"బతికాడు. కానీ కుడిచెయ్యి ముడుచుకోదు. నేను వెళ్లినప్పుడల్లా ఎడమచేత్తో తలుపు తీస్తాడు" అన్నాడు మా ఆయన. "అత్తయ్యా, ఆయన తాళంచెవి దొంగకివ్వలేదు. కావలసినవాడికే ఇచ్చాడు."

అమ్మ లేచి వెళ్లి, ఇంకో కప్పు తెచ్చి అల్లుడి ముందు పెట్టింది. పెట్టిందన్నమాటే గానీ మొహం మాత్రం ఇంకా తేలికపడలేదు. మర్నాడు ఫోన్ చేసి, "మళ్లీ పరీక్ష ఎప్పుడు?" అని అడిగింది. శనివారమన్నాను. "ఆ బస్సుండే గది ఏ వైపు?" అని అడిగింది. పాపం, ఇంట్లో కూర్చుని ఊహించుకుంటుంది కాబోలనుకుని చెప్పాను.

శనివారం అల్లుడు పరీక్ష పెట్టడానికి వీల్లేదన్నారు మేడమ్. వేరే కాలేజీ నుంచి ఒక పరీక్షకురాలొచ్చింది. కళ్లజోడు మెడలో వేలాడేసుకుని, నవ్వని మనిషి. డిపో మేనేజరు గారు కూడా చూడ్డానికొచ్చారు. ఫెయిలైన కథ ఊరంతా తెలిసిపోయింది కాబట్టి మిగతా మెకానిక్కులు గోడవారగా బారులు తీరారు. మా ఆయన ఒక మూల నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. నేను ఈసారి స్టేప్లరు వంక కూడా పెట్టలేదు.

నాన్న తాళం వేసి, తొడుగులు వేసుకుని, పెట్టె తెరిచాడు. అనుకున్నట్టే పరీక్షకురాలు, "ఆ తాళంచెవి ఇవ్వండి" అంది.

"ఇవ్వనండి."

"నేను అడుగుతున్నాను, ఇవ్వవయ్యా" అన్నారు మేనేజరు గారు.

"మీరు జీతం పెంచుతానన్నా ఇవ్వనండి" అన్నాడు నాన్న. గోడవారంతా నవ్వులు. నాన్నకి హుషారొచ్చేసింది. ఈ ప్రశ్నకి జవాబు నేర్చుకునే వచ్చాడని నాకు తెలుస్తూనే ఉంది. తెలిసిన ప్రశ్నకి జవాబెవరైనా చెప్తారు.

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. ఇంట్లో వేసుకునే చెప్పులు, చెదిరిన జుట్టు, ఆయాసం.

"ఏవండీ, చెత్త పారేద్దామని బయటికొచ్చానో లేదో, తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయింది. లోపలికెళ్లే దారి లేదు. గుత్తి ఇటివ్వండి."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. నేను మా ఆయనకేసి చూశాను. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇది అతని పని కాదు.

"ఇప్పుడు కుదరదు" అన్నాడు నాన్న.

"కుదరకపోవడమేంటండీ? ఎండలో అంతదూరం నడిచొచ్చాను. మీరేం కదలక్కర్లేదు, నేనే తీసుకుంటాను." అమ్మ తిన్నగా ఆయన జేబు వైపు చెయ్యి చాపింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ జేబులోంచి తనకి కావలసింది తనే తీసుకుంటోంది. ఆయన ఏనాడూ కిందికి కూడా చూడలేదు.

నాన్న ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తొడుగులున్న చేతులు రెండూ పైకెత్తి, "దగ్గరికి రాకు" అన్నాడు. "నా పని అవ్వాలి. మూత వెయ్యాలి. నా తాళం నేనే తియ్యాలి. తర్వాత గుత్తేం ఖర్మ, నన్నే తీసుకుపో. అప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చో. ఎంత అడిగినా ఇవ్వను."

మా ఇంటి సంగతి తెలిసిన మెకానిక్కులందరూ నోళ్లు తెరిచారు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నలుగురిలో ఆ మాట పడ్డందుకేమో అనుకుని నాకు నాన్నమీద కోపం కూడా వచ్చింది. ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది. నాన్న పనంతా నింపాదిగా ముగించి, తొడుగులు విప్పి, తాళం తీసి, అప్పుడు గుత్తి తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు. తప్పుచేసినవాడిలా తల వంచుకుని మరీ పెట్టాడు.

"పాస్" అంది పరీక్షకురాలు. ఆ నవ్వని మనిషి నవ్వింది. మా ఆయనకేసి తిరిగి, "ఈ ఏర్పాటు మీదేనా?" అని అడిగింది.

"మా అత్తయ్యతో ఆటలాడే ధైర్యం నాకు లేదండీ" అన్నాడు మా ఆయన.

నాన్నని మెకానిక్కులు భుజాల మీదికెత్తినంత పనిచేశారు. వాళ్లని అక్కడే వదిలేసి, అమ్మని ఓదార్చాలని నేను ఆమె వెంట ఇంటికి బయల్దేరాను. దారంతా "నాన్న ఉద్దేశం అది కాదమ్మా, పరీక్ష కదా" అని నేనే వాగుతూ నడిచాను. అమ్మ ఇంటి గుమ్మం ముందు ఆగింది. కొంగు చివరి ముడి విప్పింది. అందులోంచి తన తాళంచెవి తీసి, తలుపు తెరిచింది.

నాన్న గుత్తి ఆమె ఎడమచేతిలో అలాగే ఉంది.

"అమ్మా!" అన్నాను.

"అరవకు, చుట్టుపక్కలవాళ్లు వింటారు" అంది అమ్మ, చెప్పులు విడుస్తూ. "మీ ఆయన ఆ పెద్దాయన సంగతి చెప్పిన దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదే. ఎవరో ఒకరు అడుగుతారు, ఈయన మొహమాటపడి ఇచ్చేస్తారు అని ఒకటే భయం." గుత్తిలో ఎర్రతాళం చెవిని వేలితో తడిమి చూసింది. "నన్నే కాదన్నారు. ఇక ఎవరికీ ఇవ్వరులే."

కళ్లు తుడుచుకుని వంటింట్లోకి నడిచింది. అక్కణ్ణుంచే కేకేసింది: "టీ పెడుతున్నా. మీ ఆయన్ని కూడా రమ్మను."