యుద్ధాన్ని తూచిన తక్కెడ

నేను ఒక తక్కెడను. ప్రస్తుతం కింతలి వారి కిరాణా కొట్టు వెనక గదిలో, చిల్లుపడ్డ నూనె డబ్బాలకూ ఎలుకలు కొరికిన గోనెసంచులకూ మధ్య పడి ఉన్నాను. ఒకవైపు గొలుసు తెగింది. పళ్ళేలకు చిలుము పట్టింది. ముల్లు మాత్రం ఇంకా వంగలేదు, కావాలంటే వచ్చి చూసుకోండి. గొప్పలు పోతున్నానని అనుకోకండి. తక్కెడకు ముల్లు తప్ప చెప్పుకోవడానికి ఇంకేముంటుంది?

నా దండిని టెక్కలి దగ్గర ఒక కమ్మరి సాగగొట్టాడు. ఇత్తడి పళ్ళేలు బుడితి కంచరుల చేతి పని. నన్ను మొదట కొన్నవాడు సంతల్లో చింతపండు అమ్మేవాడు. పళ్ళెం అడుగున ఎవరికీ కనబడకుండా చింతపండు ముద్ద అంటించి, నాచేత రోజంతా అబద్ధాలాడించేవాడు. చివరికి ఒక సంతలో పట్టుబడి, తన్నులు తప్పించుకుని పారిపోతూ, నన్ను కింతలి కామేశం గారికి అయినకాడికి అమ్మేశాడు. కామేశం గారు ఆ చింతపండుతోనే నన్ను తోమించి, బొట్టు పెట్టి, కొట్లో వేలాడదీశారు. ఏటేటా తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి నామీద ముద్ర వేసి వెళ్ళేవాడు. నిజమే చెబుతానని ఏటా ముద్ర వేయించుకునే ఖర్మ మాకే గాని, నోరున్న మనుషులకు లేదు.

మా ఊళ్ళో కొసరు లేని బేరం బేరమే కాదు. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడ్డాక కూడా సంచీ చాపి ఇంకాస్త వెయ్యమంటారు. వెయ్యకపోతే షావుకారు పిసినారి అయిపోతాడు. ఈ విద్యలో రాజులమ్మను మించినవాళ్ళు లేరు. ఆమె భర్త పేరు గురువులు, సైన్యంలో వంటవాడు. పప్పు కొన్నా కొసరే, బెల్లం కొన్నా కొసరే.

"మా ఇంటాయన అక్కడ వందమందికి ఒండి పెడతన్నాడు. నాకు మీరు రవ్వంత బెల్లం పెట్టలేరేటి బావూ?" అని నవ్వుతూ అడిగేది. కామేశం గారు విసుక్కుంటూనే వేసేవారు. నిజానికి ఆమె వస్తే ఆయనకు పొద్దు సరదాగా గడిచేది.

ఒక ఏడాది పొరుగు దేశంతో యుద్ధం వచ్చింది. సరిహద్దు ఎక్కడో దూరాన ఉంది గాని, అసలు యుద్ధమంతా మా కొట్టు అరుగు మీదే జరిగింది. మధ్యాహ్నం బస్సులో పేపరు రాగానే డ్రిల్లు మాస్టారు సన్యాసిరావు గారు దాన్ని పైకి చదివేవారు. ఊరి పక్క కొండ సగం ఎక్కి ఆయాసంతో దిగివచ్చిన ఈ పెద్దమనిషే, సేనాపతులు ఏ శిఖరం ఎటునుంచి ఎక్కాలో చెప్పేవారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఒకరోజు పేపర్లో రెండు దేశాల సైనిక బలాలను పక్కపక్కన వేశారు. టాంకులు, విమానాలు, ఓడలు, సిపాయిలు. మాస్టారు అంకెలు చదువుతుంటే వినేవాళ్ళకు తల తిరిగింది.

"ఇలా కాదు మాస్టారూ, తూచి చూపిస్తానుండండి" అని కామేశం గారు నన్ను అరుగు మీదికి తెచ్చారు.

కుడి పళ్ళెం మనది, ఎడమ పళ్ళెం వాళ్ళది. టాంకులకు కిలో రాళ్ళు, విమానాలకు అరకిలో రాళ్ళు, ఓడలకు చింతపండు ఉండలు, సిపాయిలకు గుప్పెళ్ళతో మినుములు. మాస్టారు చదవడం, ఈయన వెయ్యడం. ఓడల దాకా బాగానే నడిచింది. సిపాయిల దగ్గర మన పళ్ళెం మెల్లగా పైకి లేచింది. అరుగు మీద మొహాలన్నీ వాడిపోయాయి.

"కొసరెయ్యండి షావుకారూ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

కామేశం గారు ఒక బెల్లం ముక్క తీసి మన పళ్ళెంలో పడేశారు. "ఇదిగో, ఇది మన జవాన్ల గుండె ధైర్యం!"

పళ్ళెం దిగింది. ఒకటే చప్పట్లు. తరువాత ఆ ముక్కనే చిదిపి అందరికీ పంచారు. జవాన్ల గుండె ధైర్యాన్ని చప్పరించుకుంటూ ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఆ రోజు నుంచి యుద్ధం ఉన్నన్నాళ్ళూ అదే తంతు. ఉప్పూ పప్పూ తూచడానికి పుట్టిన నాకు సిగ్గుగా ఉండేది. ఇన్‌స్పెక్టరు ముద్ర వేసింది ఇందుకు కాదు కదా!

ఒకనాడు రాజులమ్మ అరుగు కింద నిలబడి, తూకమంతా అయ్యేదాకా చూసింది. మొహంలో నవ్వు లేదు.

"బావూ, మా ఇంటాయన ఇందులో ఎక్కడున్నాడు? ఆ మినువుల్లోనా?"

"వంటవాళ్ళు లెక్కలోకి రారమ్మా. తుపాకీ పట్టినవాళ్ళనే లెక్కేస్తారు" అన్నారు మాస్టారు.

"వంటశాల ఎప్పుడూ వెనకాలే ఉంటుందే. నీకేం భయం లేదు" అన్నారు కామేశం గారు.

ఆమె చేతులు జోడించింది. "ఐతే మంచిదే బావూ. లెక్కలో లేనోణ్ణి సావెందుకు ఎతుక్కుంటాది?" అంది. ఆ రోజు కొసరు రెండుసార్లు అడిగి పట్టుకెళ్ళింది.

యుద్ధం ఆగింది. గెలిచామని రేడియో చెప్పింది. కామేశం గారు ఒక బెల్లం దిమ్మ మొత్తం పగలగొట్టి ఊరంతా పంచారు. ఆ తీపి నోట్లో ఉండగానే రాజులమ్మ ఇంటికి టెలిగ్రాం వచ్చింది. తరువాత వచ్చిన తోటి సిపాయి అసలు సంగతి చెప్పాడు. ముందు వరసలో ఉన్నవాళ్ళకు అన్నం అందడం లేదట. గురువులు ఊరుకోలేక అన్నం డేగిసా నెత్తిన పెట్టుకుని బయలుదేరాడట. దారిలో గుండు పడిందట.

కర్మలన్నీ అయ్యాక రాజులమ్మ కొట్టుకు వచ్చింది. అరుగు మీద మాస్టారు పేపరు పట్టుకుని ఉన్నారు. ఎవరికెన్ని టాంకులు పోయాయో ఆ రోజు వార్త. ఆమెను చూసి చదవడం ఆపేశారు. ఆమె కిలో బియ్యం అడిగింది. కామేశం గారు పోశారు. ముల్లు మధ్యలో నిలబడింది. ఆమె సంచీ పట్టుకుందే గాని కొసరు అడగలేదు. ఆయనే పెద్ద బెల్లం ముక్క ఒకటి తీసి ఆమె సంచీలో వేశారు.

రాజులమ్మ దాన్ని బయటికి తీసింది. బల్లమీద ఆయన ముందు పెట్టింది.

"ఉంచండి బావూ. రేపు మల్లీ యుద్దమొత్తే మనోలకి తూకం తగ్గుతాది గదా. అప్పుడెయ్యడానికి ఉండాల."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కామేశం గారు ఏదో ఒకటి బదులు చెప్పగలిగేవారు. మాస్టారు పేపరు మడిచి చంకన పెట్టుకుని, చెప్పులు తొడుక్కోవడం కూడా మరచి వెళ్ళిపోయారు. ఆ తరువాత కామేశం గారు నన్ను అరుగు మీదికి తేలేదు. బతికినన్నాళ్ళూ ఆమెకు సరుకు తూచేటప్పుడు నా ముల్లు వంకే చూసేవారు గాని, ఆమె మొహం చూసేవారు కాదు.

నాకు మాత్రం ఆ బాధ పోలేదు. రెండు దేశాల బలాన్నీ మోశాను. అన్నం డేగిసా మోసుకుంటూ వెళ్ళిన ఆ ఒక్క మనిషి బరువు నా పళ్ళేలకు తెలియదు. తెలియనివ్వలేదు.

ఇప్పుడు కొట్టు కామేశం గారి మనవడిది. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక నేను వెనక గదిలో పడ్డాను. అయినా గోడ అవతలి మాటలన్నీ వినిపిస్తాయి. ఈ మధ్య మళ్ళీ యుద్ధం వస్తుందంటున్నారు. అదే అరుగు మీద కొత్త కుర్రాళ్ళు చేరి, సెల్‌ఫోన్లలో రెండు దేశాల బలాలు చదువుతున్నారు. మనకు ఇన్ని, వాళ్ళకు అన్ని అంటూ ఒకటే కేకలు.

నిన్న రాజులమ్మ ఉప్పు పొట్లం కోసం వచ్చింది. గొంతును బట్టి చూస్తే బాగా ముసలిదైపోయింది.

"మనదే పైచెయ్యి మామ్మా, భయం నేదు" అన్నాడొక కుర్రాడు.

"ఒంట సేసేవోళ్ళు ఎంతమందున్నార్రా?" అని అడిగింది.

"మనకాడా?"

"మనకాడా, ఆల కాడా."

టకటకమని చప్పుడు వినిపించింది. ఫోనులో వెతుకుతున్నారు కాబోలు.

"అది ఇందులో నేదు మామ్మా."

"ఐతే లెక్క ఇంకా అవనేదురా" అంది రాజులమ్మ.

ఆమె మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. కుర్రాళ్ళు ఓడల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.