పేర్లు చెరిపిన ఫైళ్ళు

కోడ్ ఫైలు పైనున్న మాస్టారి పేరు చెరిగిపోవడం, ఆఫీసంతా అక్క అని పిలిచే ప్రోగ్రామరు కళ్ళారా చూసింది. పట్టపగలు, నిండు ఆఫీసులో, మేనేజరు పక్కన నిలబడి మరీ చెరిపించాడు. పేరు కింద ఉన్న షరతులూ పోయాయి. ఆ చోట కంపెనీ పేరు వచ్చి కూర్చుంది.

ఆస్పత్రి మంచం పక్కనుండే యంత్రం మోగితే నర్సుల గదికి కబురు చేర్చే కోడ్ అది. మాస్టారి జట్టు తమ ఆపరేటింగ్ సిస్టం కోసం ఏళ్ళ తరబడి కష్టపడి రాసి, అందరికీ వదిలేసింది. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి. రాసినవాళ్ళ పేర్లూ షరతులూ మాత్రం ఉంచండి అంది. కంపెనీకి ఆ మాత్రం కూడా మింగుడుపడలేదు.

తర్వాతి ఫైలు అక్క ముందుకొచ్చింది. ఆమె చేతులు కట్టుకు కూర్చుంది. సాయంత్రానికి ఉద్యోగం ఊడింది.

ఆదివారం టైలరు దుకాణం పైనున్న యూనియన్ గదిలో మీటింగు పెట్టారు. కంపెనీలో పనిచేసేవాళ్ళు, మాస్టారి జట్టు, మరో ఆపరేటింగ్ సిస్టం రాసే, అందరూ గడ్డం అని పిలిచే ఆయన జట్టు వచ్చాయి. గడ్డం వాళ్ళ లైసెన్సు గట్టిది: మా కోడ్ మార్చి పంచితే, ఆ మార్పులూ మా షరతులతోనే అందరికీ ఇవ్వాలి. రెండు జట్లకూ మొదటినుంచీ పడదు.

గడ్డం లేస్తూనే దెప్పాడు. "తలుపులు బార్లా తీసి పడుకుని, ఇప్పుడు దొంగ పడ్డాడంటే ఎలా?"

మాస్టారికి ఉబ్బసం. ఆయాసం తగ్గాక నెమ్మదిగా అన్నాడు. "నువ్వూ మా ఇంట్లోంచి పట్టుకెళ్ళావు కదయ్యా. పేర్లు ఉంచావు, కాదనను. మా కోడ్‌కి నువ్వు చేసిన మరమ్మతులు మాత్రం నీ లైసెన్సు కింద పెట్టావు. మా షరతులతో మాకవి తిరిగి రాలేదు. ఆ కంపెనీవాడు తాళం వేశాడు, నువ్వు గడియ పెట్టావు."

గది భగ్గుమంది. పాత కక్షలన్నీ బయటికొచ్చాయి. అక్క వినీ వినీ లేచింది.

"రేపు అలారం మోగక ఎవరో పోతారు. కోడ్ కంపెనీ సొత్తయిపోయాక, తప్పెక్కడుందో చూడటానికి మనలో ఎవరికీ హక్కుండదు. కంపెనీకి కావలసింది మీ కొట్లాటే."

చీకటిపడేదాకా వాదించుకున్నారు. చివరికి గడ్డం దిగొచ్చాడు. రెండు జట్లూ పంచుకునే ఫైళ్ళకు ఎవరు మరమ్మతు చేసినా మాస్టారి షరతులతోనే ఇవ్వాలని ఒప్పుకున్నాడు. పేరు చెరిపే పని ముట్టుకోబోమని కంపెనీలో పనిచేసేవాళ్ళు మాటిచ్చారు. సోమవారం ఆఫీసులో ఒక్క వేలూ కదల్లేదు.

తమ సొత్తును మాస్టారు దొంగిలించి పంచుతున్నాడని కంపెనీ కేసు పెట్టింది. పేరు చెరిపాక, రాసినవాడే దొంగయ్యాడు. యూనియన్ గదిలో కూర్చుని అలారం కోడ్‌లో దొరికిన తప్పు దిద్దుతున్న మాస్టారిని పోలీసులు రెక్క పట్టుకుని లేపారు. అక్క ఆయన మందు అందించబోతే, స్టేషన్లో ఇస్తాంలే అని నెట్టేశారు.

ఇవ్వలేదు. తెల్లారేసరికి ఆయన ఊపిరి ఆగింది.

రెండు జట్లూ కలిసి ఆయన్ని మోశాయి. సాగనంపి, అందరూ తిన్నగా యూనియన్ గదికే నడిచారు. గడ్డం ఆయన కుర్చీలో కూర్చుని, సగంలో ఆగిన మరమ్మతు పూర్తిచేశాడు. పైన మాస్టారి పేరు, కింద మాస్టారి లైసెన్సు. రెండు సిస్టంలకూ పంపేశాడు.

కింద పోలీసు జీపు ఆగింది. గడ్డం లేచి చొక్కా సర్దుకున్నాడు.

"నువ్వు కూర్చో అక్కా. ఇంకా చాలా ఫైళ్ళున్నాయి."

ఆమె కూర్చుంది. మెట్ల మీద బూట్లు దగ్గరవుతుంటే, మిగిలినవాళ్ళు గుమ్మం దగ్గర భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు.