మెజారిటీ మీద పందెం

మా మండలంలో ఎవరు గెలుస్తారని పందెం కాసేవాడు ఉండడు. గెలిచేదెవరో బడిపిల్లలకు కూడా తెలుసు. పందేలన్నీ మెజారిటీ మీదే. ఈ మండలం నుంచి అన్న తన పార్టీకి ఎన్ని వేల మెజారిటీ తెచ్చిపెడతాడు, ఎనిమిదా, పదా? ఆయన పరువంతా ఆ అంకెలోనే ఉంటుంది. అన్న అంటే మా మండలం నాయకుడు. ఆయన పక్షంవాళ్ళకు అన్న. అవతలి పక్షంవాళ్ళు ఏమంటారో నేను రాయకూడదు. నేను మిషను బడిలో టీచరును. చర్చివాళ్ళమని మమ్మల్ని ఏ పక్షమూ లెక్కలోకి తీసుకోదు, అందుకే ఈ ఊళ్ళో ఇన్నేళ్ళు బతికి బట్టకట్టాను.

మా వెనకింటి చిన్నసుబ్బయ్యకు గొర్రెల మంద ఉండేది. అతనికి ఉండేది అనడం కూడా తప్పే. అవి అతని భార్య యల్లమ్మవి. వీరపునాయునిపల్లె నుంచి పుట్టింటివాళ్ళు తోలించిన నాలుగు జీవాలను ఈనించి, సాకి, మందగా చేసింది ఆమె. ఎండాకాలంలో పులివెందుల వైపు రైతులు ఎరువు కోసం డబ్బులిచ్చి తోటల్లో ఆ మందను నిలిపించుకునేవాళ్ళు. ఇల్లు దానిమీదే గడిచేది.

ఆ మందకు చేటు వచ్చింది అన్న చెయ్యి వల్ల. కిందటి అసెంబ్లీ ఎన్నికల్లో మెజారిటీ ఎనిమిది వేలు దాటుతుందని సుబ్బయ్య ఒక పొట్టేలును పందెం కట్టాడు. దాటింది. అన్న జీపు దిగి అతని భుజం మీద చెయ్యేసి, "నా మీద ఇంత నమ్మకముండాదా సుబ్బయ్యా," అన్నాడు. గెలుచుకున్న పొట్టేలు గురించి సుబ్బయ్య ఎవరికీ చెప్పుకోలేదు. ఆ చెయ్యి గురించి ఏడాది పొడవునా చెప్పాడు.

అప్పటినుంచి సొసైటీ ఎన్నికైనా సర్పంచు ఎన్నికైనా అన్న తరఫున ఒక జీవం కట్టాల్సిందే. ఎన్నికలు లేనప్పుడు ప్రొద్దుటూరు పోయి టీ హోటళ్ళలో క్రికెట్ మీద కాసేవాడు. అదీ ఎప్పుడూ ఇండియా మీదే. ఓడిపోతుందని తెలిసిన రోజు కూడా ఇండియా మీదే. మనోళ్ళ మీద కాయకుండా ఇంకెవరి మీద కాస్తారని నన్నే ఎదురు అడిగేవాడు. పోయినదాన్ని రాబట్టాలని ఇంకోదాన్ని తోలుకుపోయేవాడు. అట్లా సగం మంద ఖాళీ అయింది.

ఈసారి ఓట్లకు ముందు యల్లమ్మ నా దగ్గరికొచ్చింది.

"నువ్వు చెప్తే ఇంటాడు టీచరమ్మా. మిగిలినేవన్నా నాకు ఇడిసిపెట్టమను," అంది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేనట్టుంది.

సాయంత్రం సుబ్బయ్యను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాను. "పందెం మాట పక్కన పెట్టప్పా. నీకు తెలిసి మెజారిటీ ఎంతొస్తాది?"

తడుముకోకుండా చెప్పాడు. "ఐదు వేలు దాటదు టీచరమ్మా. జీవాలు తోలుకొని ఊరూరూ తిరుగుతాండా గదా. యాడ చూసినా ఇండ్లకు తాళాలే. బాంబులకు జడిసి జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు పోయినోళ్ళు ఓటు కోసం తిరిగొస్తారా? ఇంగ ఈసారి సెంట్రల్ పోలీసులొస్తాండారు. ఓట్లన్నీ మనమే గుద్దుకుందామన్నా కాదు."

"అట్లయితే ఐదులోపేనని కాయి. లేదా ఊరికే ఉండు."

చెప్పులేసుకుని గుడిలోకి వచ్చినదాన్ని చూసినట్టు నన్ను చూశాడు.

"అన్న మెజారిటీ తగ్గల్లని నేను కోరుకోవాల్నా? ఆడ అన్న వాకిట్లో అందరూ పది అంటాండారు. నేను పన్నెండు దాటుతాదన్నా. మందంతా కట్టినా."

తెలిసి తెలిసి. ఒక్క భయమే అయితే అందరితోపాటు పదనేవాడు. పన్నెండు అనిపించింది భయం కాదు, పిచ్చి ప్రేమ. ఆ చెయ్యి మళ్ళీ భుజం మీద పడాలి, అంతే. నాకు ఒళ్ళు మండిపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని అంతా విని, లేచి వెళ్ళిపోయాడు.

ఓట్లు లెక్కపెట్టారు. మా మండలంలో మెజారిటీ ఐదు వేలకు కాస్త తక్కువగా తేలింది. అయినా పార్టీ గెలిచింది కదా, ఊరంతా టపాసులు. పార్టీ గెలిచిన రోజున సుబ్బయ్య ఏడవడానికి లేదు. మొహం నిండా గులాలు పూసుకుని జీపు ముందు చిందులేశాడు. ఆ సమయానికే సుబ్బయ్య ఇంటికి అబ్దుల్ సలాం వచ్చాడు. ప్రొద్దుటూరు సంతలో జీవాల వ్యాపారి, ఇటువంటి పందేలకు మధ్యవర్తి.

"నాదేం లేదు తల్లీ. గెలిచినోళ్ళు తోలకరమ్మన్యారు," అని యల్లమ్మకు నచ్చజెప్పుకుని మందను తోలుకుపోయాడు. ఆమె ఊరి చివరిదాకా వెంట నడిచింది.

మంద ఎంతో దూరం పోలేదు. అన్న ఇంటికే చేరింది. పన్నెండు దాటదని కాసింది అన్న సొంత బామ్మర్దే. అన్న వాకిట్లో విందు పెట్టి ఆ పొట్టేళ్ళనే కోశారు. సుబ్బయ్య కూడా వెళ్ళి తిని వచ్చాడు.

"ఎవరి జీవాలో తెలిసే తింటివా?" అని అడిగాను.

"తెలుసు. పోనీలే టీచరమ్మా, అన్న విందుకే గదా పోయినాయి," అన్నాడు. నిజంగా తృప్తిగానే అన్నాడు. ఇక నాకు తిట్టబుద్ధి కాలేదు.

యల్లమ్మ మాత్రం ఊరుకోలేదు. ఒక్కతే పోయి అన్న వాకిట్లో నిలబడింది. ఏమడిగిందో తెలియదు. కోయగా మిగిలిన వాటిలోంచి ఆయన రెండు సూడి గొర్రెలను ఇప్పించాడు. ఆమెకు మళ్ళీ మొదలుపెట్టడానికి ఆ రెండూ చాలు. మా పెరట్లో వాటికి నీళ్ళు తాపుతూ, ఎన్నాళ్ళకో, నవ్వింది.

మరునాటి సాయంత్రం సుబ్బయ్య టీ అంగడి దగ్గర ఆ రెండింటినీ రాబోయే జెడ్పీ ఎన్నికల మీద కట్టేశాడు. అన్న ఇచ్చిన జీవాలను అన్న మీద కాయకపోతే మర్యాద కాదన్నాడట.

తెల్లారేసరికి యల్లమ్మ లేదు, గొర్రెలూ లేవు. వాటిని తోలుకుని వీరపునాయునిపల్లె దారిన పోతుంటే చూశామని చెప్పారు. పొద్దెక్కాక సుబ్బయ్య నా గడప ముందుకొచ్చాడు. చెవుల వెనక గులాలు ఇంకా వదల్లేదు.

"యాడికి పాయ టీచరమ్మా?"

"పుట్టింటికి. పోయి బతిమాలి పిల్చుకరాప్పా."

"ఆమె యాడికి పోతాదిలే, వస్తాది. నాకు జీవాలు కావల్ల. అందరి ముందరా మాటిచ్చినా. ఒట్టి చేతులతో ఏ మొగం పెట్టుకొని పోవాల?"

అతని చూపు నన్ను దాటి పెరట్లోకి పోయింది. అక్కడ నా పాడిమేక, దాని పిల్ల కట్టేసి ఉన్నాయి.

"నీ మేక ఉండాది గదా," అన్నాడు మెల్లగా. "ఈసారి తప్పదు టీచరమ్మా. గెలిచినంక రెండిస్తా."

కోపం రావాల్సింది. రాలేదు. ఇంటికి పొమ్మన్నాను, కదలలేదు. మేకనూ పిల్లనూ ఇంట్లోకి తోలి గడియ పెట్టుకున్నాను.

పోయాడేమో అనుకున్నాను. మెట్టు మీద కూర్చునే ఉన్నాడు.

"పోనీ, ఆ మేకపిల్లనన్నా ఇయ్యి టీచరమ్మా," అంటున్నాడు తలుపు అవతలనుంచి.