వేట కావలివాడి బొటనవేలు

డాక్టర్ పట్టుకుని పక్కకి వంచగానే బొటనవేలు ఊడిన తలుపులా వాలిపోయింది. ఫెర్గస్ పళ్లు బిగబట్టాడు. అతని భార్య ఎఫీ మొహం తిప్పుకుంది.

"లిగమెంటు పూర్తిగా తెగింది. ఎప్పట్నించీ నొప్పి?"

"వేటలు మొదలైన కాణ్ణించీనండీ," అంది ఎఫీ. "వేలికి గుడ్డ చుట్టుకు తిరిగేడు. ఏటయ్యిందంటే ముల్లు గుచ్చుకుందన్నాడు. మహా మొనగాడు!"

"నువ్వూరుకోవే," అన్నాడు ఫెర్గస్.

ఆ స్కాట్లండు కొండల్లో తూటా తగిలి చావని కుందేలుని దొరల వేట భూముల్ని కాసే ఫెర్గస్‌లాంటి వేట కావలివాళ్లు చేత్తోనే మెడ లాగి విరిచేస్తారు. తల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, ఒక్క గుంజు. కర్రతో కొట్టినవాణ్ణి తోటివాళ్లు నవ్వి చంపుతారు. ఆ పరువు కోసమే ఫెర్గస్ పట్టు తప్పిన వేలితో ఇన్నాళ్లూ విరుస్తూ వచ్చాడు. పేల్చేది దొరలు, విరిచేది వీళ్లు, పరువు మాత్రం వీళ్లదట!

"మొదట్లోనే వస్తే కట్టుతో పోయేది. ఇప్పుడు కోసి కుట్టాలి. తర్వాత ఆరు వారాలు పిండికట్టు. ఈలోగా ఇంకో మెడ విరిచావంటే ఆ వేలు మళ్లీ చెంచా కూడా పట్టదు. రేపే ఆసుపత్రికి వెళ్లు," అన్నాడు డాక్టర్.

ఆసుపత్రి ఖర్చు ఇప్పుడు సర్కారుదే. భయమల్లా ఇంటి గురించి. దొరగారి ఎస్టేటు ఇచ్చిన ఆ ఇల్లు ఉద్యోగం ఉన్నన్నాళ్లే.

సెలవు అడగడానికి ఫెర్గస్ కొండెక్కేసరికి దొరగారి అతిథులు తుపాకులతో నిలబడి ఉన్నారు.

"వేట కాలంలో సెలవేమిటయ్యా?" అన్నాడు మేనేజర్ డల్‌గ్లీష్. "నీ ఇంట్లో దిగడానికి పదిమంది కాచుక్కూచున్నారు."

అంతలో తుపాకీ పేలింది. నడుము విరిగిన కుందేలు కీచుమని అరుస్తోంది. మేనేజర్ దాన్ని వెనక కాళ్లు పట్టి లేపి ఫెర్గస్ ముందుకు చాపాడు.

"కానియ్!"

ఫెర్గస్ చుట్టూ కర్ర కోసం వెతికాడు.

"అతిథుల ముందు కర్రా? సిగ్గులేదూ? చేత్తో కానియ్!"

అలవాటుగా చెయ్యి ముందుకు వెళ్లింది. ఆగిపోయింది. ఆ ప్రాణి గిలగిలలాడటం చూడలేక ఫెర్గస్ కళ్లు చెమర్చాయి. అయినా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను సెయ్యనయ్యా. తల మీ బొటనేలికీ సూపుడేలికీ మద్దెన పెట్టండి. ఒక్క గుంజు గుంజండి. తొరగా కానియ్యండి, పాపం దానికి నొప్పి."

మేనేజర్ అతిథుల వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. అతని చేతిలో కుందేలు ఇంకా తన్నుకుంటోంది.