దవడ దిగిన పూట

రొద్దం పక్క పల్లెలో వెంకటప్ప సంగటి ముద్దను పెద్దదిగా చేసుకుని నోరు బారెడు తెరిచాడు. సంగటిని అక్కడ ఎవరూ నమలరు, మింగుతారు. భార్య బాలనాగమ్మ పోయిన ఈ మూడేళ్ళలో ఆయన ముద్దలు మరీ పెద్దవయ్యాయి. తిండి తొందరగా అయిపోతే చాలు. ఈసారి రెండు చెవుల ముందరా టక్కుమంది. నోరు మూతపడలేదు. ముద్ద జారి పళ్ళెంలో పడింది.

కోడలు వనిత పక్షవాతమనుకుని ఏడ్చింది. కొడుకు నాగేష్ హిందూపురం పోవడానికి కారుకు ఫోన్ చేశాడు.

"గంటకు గాని రాదంట నాయనా."

వెంకటప్ప గడ్డం మీదుగా చొంగ కారుతోంది. చెంపల్లో కండలు రాళ్ళలా బిగుసుకుని, నొప్పి కణతల దాకా పాకింది.

వనిత వీధిలోకి పరుగెత్తి చౌడక్కను పిలుచుకొచ్చింది. చౌడక్క బాలనాగమ్మకు తోడబుట్టిన అక్క. తప్పిన కీళ్ళు సరిచేసే మనిషి. ఆమెను చూడగానే వెంకటప్ప వద్దని చేయి ఊపాడు. మూడేళ్ళుగా ఆమెను గడప తొక్కనివ్వలేదు. బాలనాగమ్మకు దవడ నొప్పి వచ్చిన రోజు, నరం తప్పిందంటూ నూనె రుద్ది కూర్చోబెట్టింది ఈమేనని, అది గుండెపోటని తెలిసేసరికే ప్రాణం పోయిందని ఊరందరికీ ఆయనే చెప్పాడు.

"వద్దంటే పోతా," అంది చౌడక్క గడప అవతలే నిలబడి. "దవడెముక గుండు గుంటలోంచి జారి ముందర మిట్ట దాటి కూర్చుండాది. నమిలే కండలు దాన్ని పైకి గుంజి పట్టుకోనుండాయి. ఎంతసేపుంటే అంత బిగుస్తాది. కారొచ్చేదాకా ఓర్చుకుంటావా?"

ఓర్చుకోలేకపోయాడు. చేయి దించాడు.

ఆమె ఆయన్ను గోడకు ఆనించి నేల మీద కూర్చోబెట్టింది. రెండు బొటనవేళ్ళకూ గుడ్డ చుట్టుకుని కింది దవడపళ్ళ మీద పెట్టింది. మిగిలిన వేళ్ళతో గడ్డాన్ని కింద నుంచి పట్టుకుంది.

"వదులు చేయప్పా. నాతో కొట్లాడినట్ల బిగబట్టొద్దు."

నొక్కింది. కదల్లేదు.

"ఇప్పుడైతే అడ్డం మాట్లాడలేవు గదా, ఇను. ఆ దినం నా చెల్లెలి దవడ ఇట్లే పట్టి చూస్తి. కీలు సరిగ్గానే ఉండె. ఇది నా చేతి పని కాదప్పా, ఆస్పత్రికి ఎత్తకపో అంటి. సంతకు గొర్లు తోలాల, మాపటికి చూద్దామంటివి నువ్వు."

నాగేష్ ఫోను పక్కన పెట్టి ముందుకొచ్చాడు.

"నిజమా నాయనా?"

వెంకటప్ప గొంతులో ఏదో గరగరలాడింది. మాట కాలేదు. అది అబద్ధమని తల అడ్డంగా ఊపాలన్నా గడ్డం ఆమె చేతుల్లో ఉంది.

చౌడక్క బలమంతా పెట్టి కిందికి అదిమి, వెనక్కి తోసింది. గుండు మిట్ట దిగి గుంటలో పడింది. పడిన క్షణమే కండలు నోటిని మూసేశాయి. ఆమె కుడి బొటనవేలు ఇంకా పళ్ళ మధ్యనే ఉంది. అంతవరకు కండ చేసిన పని. ఆ తరవాత వదలకపోవడం వెంకటప్ప చేసిన పని. గుడ్డ ఎర్రబడేదాకా పట్టి, అప్పుడు వదిలాడు.

చౌడక్క చేయి వెనక్కి లాక్కుంది. వేలు కొంగులో చుట్టుకుంది.

"కసి తీరిందా?"

"లేదు," అన్నాడు వెంకటప్ప. నొప్పికి మాట వంకరగా వచ్చింది.

నాగేష్ పెద్దమ్మ భుజం పట్టుకుని బయటికి నడిచాడు.