యోహాను పండగకు ముందు కొరికిన పండు

నోట్లో పండు పడ్డాక గాని ఒత్తీలియకు గుర్తు రాలేదు. ఉమ్మేద్దామనుకుంది. గొంతు అప్పటికే మింగేసింది.

పన్నెండేళ్ళ అలవాటు. రాత్రి వాన పడితే స్ట్రాబెర్రీ చప్పబడుతుంది. అందుకే పొద్దున్నే ప్రతి సాలు మొదట్లో ఒక పండు కొరికి, తీపి ఉంటేనే కోతకు దిగాలి. ఆ పని ఎప్పుడూ ఒత్తీలియదే. ఈ ఏడు మాత్రం కాదు. ఫిబ్రవరిలో మంచు తవ్వి రెండేళ్ళ కూతురు ఆఫ్రాను పాతిపెట్టుకున్న తల్లి ఆమె.

బిడ్డను పోగొట్టుకున్న తల్లి జూన్ చివర్లో వచ్చే యోహాను పండగ దాకా స్ట్రాబెర్రీ తినకూడదని ఆ కొండలోయంతటికీ తెలుసు. ఆ రోజు మరియమ్మ తల్లి మోక్షంలో పిల్లలందరినీ పండ్లు కోసుకోవడానికి తీసుకెళ్తుంది. ముందే తిన్న తల్లి బిడ్డను మాత్రం పక్కన నిలబెట్టి, "నీ వంతు మీ అమ్మ మింగేసింది, పో" అంటుందట.

పండగ ఇంకా అయిదు రోజులుంది. మామూలుగా కొండమీద అంత ఎత్తున పండగ ముందు నాలుగైదు పండ్లే ఎర్రబడతాయి, కోత పండగ దాటాకే. ఈ ఏడు ఎండలు ముదిరి తోటంతా ముందే పండింది. తోట యజమాని గౌడెంజ్ ఊరికే ఉంటాడా? పండగ దాకా కోతకు బిడ్డల్ని పాతిపెట్టిన ఆడవాళ్ళనే ఏరి పిలిచాడు. పదకొండుమంది. ఒక్క పండు నోట్లో వేసుకోరు. కాపలా మనిషి అక్కర్లేదు, వాళ్ళ భయమే కాపలా. రుచి చూసే పని తనే పెట్టుకున్నాడు.

ఒత్తీలియ కళ్ళ ముందు ఆఫ్రా నిలబడింది. ఎడమకాలి మేజోడు ఎప్పటిలాగే జారిపోయి ఉంది. చెయ్యి చాపి ఉంది. అరచేతిలో ఏమీ లేదు.

"ఏమే, అట్టా కొయ్యబారిపోయావేంది?" అంది పక్క సాల్లోంచి అత్త క్రెసెంజ్. ముగ్గురిని పాతిపెట్టిన మనిషి. నలభై ఏళ్ళుగా పండగ ముందు పండు రుచి ఎరగదు.

"ఏం లేదత్తా." పెదాలు విప్పకుండానే అంది.

"మూతి బిగించావేం? మాటలక్కూడా తాళమేశాడా మన దొర?"

ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకే గౌడెంజ్ వచ్చాడు. "ఇటు తిరుగు" అన్నాడు. తిరిగింది. పెదవి మీద ఎర్రటి మరక.

"తిన్నావా?"

"అలవాటులో, అయ్యా... చెయ్యి దానంతటదే..."

"నాకు పోయింది ఒక పండేలే. నువ్వు నీ బిడ్డ చేతిలోది లాక్కుతిన్నావు గదే!"

ఎవరో సిలువ గుర్తు వేసుకున్నారు. పక్కనున్నామె తన బుట్టను అవతలికి జరుపుకుంది. ఒత్తీలియ గడ్డిలో కూలబడింది. "అత్తా, కొట్టు నన్ను" అంది.

క్రెసెంజ్ నడుం పట్టుకుని లేచింది. కోడలి వైపు చూడనే లేదు.

"గౌడెంజూ, నువ్వూ ఇద్దరిని పాతిపెట్టినోడివేగా?"

"అయితే?"

"పొద్దున పదకొండు సాళ్ళకీ పదకొండు పండ్లు కొరికావు. మరి నీ పిల్లల వంతు ఎవడు మింగినట్టు?"

"నేను... తల్లిని కాదుగా."

"అంతేలే. మోక్షంలో కూడా దొరకి వేరే లెక్క."

బుట్టలోంచి పెద్ద పండు తీసింది. "నావాళ్ళు ముగ్గురున్నారక్కడ. వాళ్ళను నిలబెడితే మరియమ్మను నాతో మాట్లాడమను. నలభై ఏళ్ళు నేను తినని పండ్లన్నీ ఎవరికి పెట్టిందో చెప్పమను." కళ్ళు గట్టిగా మూసుకుని కొరికింది. గడ్డం మీదికి రసం కారింది.

అప్పుడే కొండ కొమ్మున ఉరిమింది.

పదకొండుమందీ ఉలిక్కిపడ్డారు, క్రెసెంజ్ కూడా. గౌడెంజ్ టోపీ తీసేశాడు. ఒత్తీలియ అత్త చెయ్యి పట్టుకుంది. మంచునీళ్ళలా ఉంది.

"భయమేస్తోందత్తా."

"నాకు మాత్రం వెయ్యట్లేదా? ఇంకోటి తిను."

తినలేకపోయింది. రెండు మంచి పండ్లు ఏరి, ఆఫ్రా కోసం ఏప్రన్ జేబులో వేసుకుంది. వద్దని గౌడెంజ్ అనలేదు.

వెనక సాల్లో ఎవరో పండు కొరికిన చప్పుడైంది. ఎవరా అని తిరిగి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.